నాలుగేళ్ళు బతికిన బీరు కప్పు: ఇంగ్లండ్‌లో మొదటి పెనాల్టీ షూటౌట్ కథ

2022 మార్చి 20. గోవాలో ఫతోర్డా స్టేడియం. ఐఎస్ఎల్ ఫైనల్. ఒకవైపు కేరళ బ్లాస్టర్స్, ఇంకోవైపు మన హైదరాబాద్ ఎఫ్‌సీ. 88వ నిమిషం దాకా హైదరాబాద్ ఓడిపోతోంది. అప్పుడు సాహిల్ తవోరా ఒక్క కిక్కుతో స్కోరు 1-1 చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎవరూ కొట్టలేదు. ఇక పెనాల్టీ షూటౌట్. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఒకటి కాదు, రెండు కాదు, మూడు పెనాల్టీలు ఆపేశాడు. 3-1 తో కప్పు హైదరాబాద్‌కి వచ్చేసింది.

ఆ రోజు చూసినవాళ్ళకి ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో గుర్తుండే ఉంటుంది. గుండె నోట్లోకి వచ్చేస్తుంది కదా! మరి ఈ పద్ధతి ఇంగ్లండ్‌లో, అంటే ఫుట్‌బాల్‌కి రూల్స్ రాసిన దేశంలో, మొదటిసారి ఎక్కడ జరిగిందో తెలుసా? ప్రపంచకప్‌లో కాదు, పెద్ద లీగ్‌లోనూ కాదు. సీజన్ ఇంకా మొదలవకముందు, ఒక బీరు కంపెనీ తన పేరు జనం నోళ్ళలో నానాలని పెట్టిన ఒక చిన్న టోర్నమెంట్‌లో. దాని పేరు వాట్నీ కప్. 1970 లో పుట్టింది, 1973 లో పోయింది. మొత్తం నాలుగే నాలుగు సార్లు జరిగింది. ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే.

ముందు అప్పటి పరిస్థితి ఏంటో చూద్దాం. 1960ల చివర్లో ఫుట్‌బాల్‌కి రెండు రోగాలు పట్టుకున్నాయి. ఒకటి, గోల్స్ తగ్గిపోవడం. టీములన్నీ "గెలవకపోయినా పర్లేదు, ఓడకపోతే చాలు" అన్నట్టు వెనక కాపలా పెంచేశాయి. రెండోది ఇంకా పెద్దది. నాకౌట్ మ్యాచ్ డ్రా అయితే ఏం చేయాలి? మళ్ళీ ఆడించాలి. మళ్ళీ ఆడించడానికి టైమ్ లేకపోతే? బొమ్మా బొరుసా వేయాలి!

నేను జోక్ చేయట్లేదు. 1968 జూన్‌లో యూరో కప్ సెమీఫైనల్, ఇటలీ వర్సెస్ సోవియట్ యూనియన్, నేపుల్స్ నగరంలో. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక కూడా 0-0. అప్పుడేం చేశారు? ఇద్దరు కెప్టెన్లని లోపలికి తీసుకెళ్ళి నాణెం ఎగరేశారు. ఇటలీ కెప్టెన్ ఫకెట్టి చెప్పింది పడింది. ఇటలీ ఫైనల్‌కి వెళ్ళింది, తర్వాత కప్పు కూడా కొట్టింది. సోవియట్ ఆటగాళ్ళు రెండు గంటలు చెమటోడ్చి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఆడి, ఒక నాణెం చేతిలో ఓడిపోయి ఇంటికెళ్ళారు.

అదే ఏడాది మెక్సికో ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్, బల్గేరియా మధ్య క్వార్టర్ ఫైనల్ 1-1 అయింది. అక్కడ చీటీలు తీశారు. బల్గేరియా పేరొచ్చింది. మరుసటి ఏడాది, 1969 నవంబర్‌లో, యూరోపియన్ కప్‌లో స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్, పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా. రెండూ సొంత ఊళ్ళో చెరో 3-0 తో గెలిచాయి. మళ్ళీ నాణెమే. సెల్టిక్ బతికిపోయింది, ఆ సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్ళింది.

గల్లీలో క్రికెట్ ఆడేటప్పుడు ఎవరు ముందు బ్యాటింగ్ అంటే టాస్ వేసుకుంటాం, ఓకే. కానీ మ్యాచ్ అంతా అయ్యాక ఎవరు గెలిచారో చెప్పడానికి టాస్ వేస్తే ఒప్పుకుంటామా? కొట్టుకుంటాం! ఆ కోపమే ఇజ్రాయెల్‌లో ఒక ఆలోచనగా మారింది. అక్కడి ఫుట్‌బాల్ అధికారి యోసెఫ్ దగాన్, ఒలింపిక్స్ చీటీ దెబ్బ తర్వాత, "నాణెం వద్దు, పెనాల్టీలు కొట్టించండి" అన్నాడు. ఆ ప్రతిపాదన 1969 లో ఫిఫా దగ్గరికి వెళ్ళింది. జర్మనీలో కార్ల్ వాల్డ్ అనే రిఫరీ కూడా ఇలాంటి ఆలోచనే ముందుకు తెచ్చాడు. యుగోస్లావియా, ఇటలీ లాంటి చోట్ల దేశవాళీ కప్పుల్లో అంతకుముందే ఇలాంటివి చేసి చూశారు. చివరికి 1970 జూన్‌లో ఫుట్‌బాల్ రూల్స్ కమిటీ ఓకే చెప్పింది.

రూల్ అయితే కాగితం మీదకి వచ్చింది. కానీ కొత్త మందుని ముందు ఎవరి మీద వాడతారు? పెద్ద కప్పుల్లో వాడి, తేడా కొడితే పరువు పోతుంది. కాబట్టి పోయేదేమీ లేని ఒక చోటు కావాలి. సరిగ్గా అప్పుడే వాట్నీ కప్ వచ్చింది.

వాట్నీ మాన్ అనేది లండన్‌కి చెందిన పెద్ద బీరు కంపెనీ. వాళ్ళ రెడ్ బ్యారెల్ బీరు అప్పట్లో పబ్బుల్లో చాలా ఫేమస్. ఇప్పుడు మనకి టాటా ఐపీఎల్ అంటే ఏమీ అనిపించదు. అంతకుముందు వివో ఐపీఎల్, డ్రీమ్11 ఐపీఎల్ కూడా విన్నాం. కప్పుకి కంపెనీ పేరు ఉండటం మనకి మామూలే. కానీ 1970 ఇంగ్లండ్‌లో అది చాలా కొత్త సంగతి. అక్కడ స్పాన్సర్ పేరుతో పుట్టిన మొదటి తరం ఫుట్‌బాల్ టోర్నమెంట్లలో వాట్నీ కప్ ఒకటి. అదే 1970 లో పెట్రోల్ కంపెనీ పేరుతో టెక్సాకో కప్ కూడా మొదలైంది. పెద్ద లీగ్ కప్ స్పాన్సర్ పేరు తగిలించుకుని 'మిల్క్ కప్' అవ్వడానికి ఇంకో పదేళ్ళకి పైనే పట్టింది.

ఇక ఈ టోర్నమెంట్‌లో నాకు బాగా నచ్చిన విషయానికి వద్దాం. ఇందులోకి ఎవరిని పిలవాలి? అప్పట్లో ఇంగ్లండ్‌లో నాలుగు డివిజన్లు, 92 క్లబ్బులు. ఒక్కో డివిజన్ నుంచి, కిందటి సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన రెండు టీములు. ఒక షరతు ఉంది: ఆ టీము పై డివిజన్‌కి ప్రమోట్ అయి ఉండకూడదు, యూరప్ కప్పులకి వెళ్తూ ఉండకూడదు. అంతే. నాలుగు రెండ్లు ఎనిమిది టీములు, మూడు రౌండ్లు, వారం రోజుల్లో అయిపోతుంది.

గమనించారా? ఎన్ని మ్యాచ్‌లు గెలిచావ్ అని అడగట్లేదు. ఎంతమంది ఫ్యాన్స్ ఉన్నారు అని అడగట్లేదు. ఎన్ని గోల్స్ కొట్టావ్ అని అడుగుతున్నారు. అంటే, కాపలా ఆటకి విరుగుడుగా, ధైర్యంగా దాడి చేసేవాళ్ళకి ఇచ్చిన ఇన్విటేషన్ అది.

మొదటి ఏడాది ఫస్ట్ డివిజన్ నుంచి వచ్చిన రెండు టీములు డెర్బీ కౌంటీ, మాంచెస్టర్ యునైటెడ్. డెర్బీ కథ భలే తమాషాగా ఉంటుంది. బ్రయన్ క్లఫ్ మేనేజర్‌గా ఆ టీము లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మామూలుగా అయితే యూరప్‌కి వెళ్ళాల్సింది. కానీ క్లబ్ లెక్కాపత్రాల్లో తప్పులు దొరికాయని ఫైన్ వేసి, ఒక ఏడాది యూరప్‌కి వెళ్ళకుండా నిషేధం పెట్టారు. పెద్ద పెళ్ళికి పిలుపు పోయింది, ఈ చిన్న పేరంటానికి వచ్చింది.

ఇక మాంచెస్టర్ యునైటెడ్. రెండేళ్ళ ముందే, 1968 లో, యూరోపియన్ కప్ గెలిచిన టీము. జార్జ్ బెస్ట్, బాబీ చార్ల్‌టన్, డెనిస్ లా. ముగ్గురికి ముగ్గురూ బాలన్ డోర్ గెలిచినవాళ్ళు. లా 1964 లో, చార్ల్‌టన్ 1966 లో, బెస్ట్ 1968 లో. అలాంటి టీము ఈ టోర్నమెంట్‌లో ఎక్కడ ఆడిందో చూడండి. మొదటి మ్యాచ్ థర్డ్ డివిజన్ క్లబ్ రెడింగ్ గ్రౌండ్‌లో. కష్టపడి 3-2 తో బయటపడ్డారు. సెమీఫైనల్ సెకండ్ డివిజన్ క్లబ్ హల్ సిటీ గ్రౌండ్‌లో. పెద్దోళ్ళు చిన్నోళ్ళ ఇంటికి వెళ్ళి ఆడుతున్నారు!

1970 ఆగస్టు 5. హల్ అంటే ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఒక రేవు పట్నం. చేపల వేటకి పేరు. వాళ్ళ గ్రౌండ్ పేరు బూత్‌ఫెరీ పార్క్. సీజన్ కూడా మొదలవని మ్యాచ్‌కి 34 వేల మందికి పైగా వచ్చేశారు. హల్ టీముకి టెరీ నీల్ అప్పుడే కొత్తగా ప్లేయర్ కమ్ మేనేజర్. వయసు 28. హల్ తరఫున క్రిస్ చిల్టన్ ముందు గోల్ కొట్టాడు. డెనిస్ లా సమం చేశాడు. 1-1. ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోయింది. మూడు రోజుల్లో ఫైనల్. మళ్ళీ ఆడించడానికి రోజు లేదు.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చరిత్రలో మొదటిసారి, ఒక కప్ మ్యాచ్ తేల్చడానికి ఆటగాళ్ళు వరసగా పెనాల్టీ చుక్క దగ్గరికి నడిచారు.

మొదటి కిక్ జార్జ్ బెస్ట్. గోల్! ఇంగ్లండ్‌లో షూటౌట్‌లో మొదటి గోల్ కొట్టిన మనిషి ఆయనే. హల్ తరఫున టెరీ నీల్ కొట్టాడు, 1-1. తర్వాత బ్రయన్ కిడ్, 2-1. ఇయాన్ బట్లర్, 2-2. బాబీ చార్ల్‌టన్, 3-2. కెన్ హౌటన్, 3-3. ఇప్పటిదాకా ఎవరూ మిస్ అవలేదు.

అప్పుడు వచ్చాడు డెనిస్ లా. ఆ రోజు తన టీముని ఓటమి నుంచి లాగినవాడు. గోల్స్ కొట్టడంలో మొనగాడు. ఎదురుగా సెకండ్ డివిజన్ గోల్‌కీపర్ ఇయాన్ మెకెక్నీ. లా కొట్టాడు... మెకెక్నీ ఆపేశాడు! స్టేడియం ఊగిపోయి ఉంటుంది. ఇంగ్లండ్‌లో షూటౌట్‌లో మొదటిసారి మిస్ చేసిన ఆటగాడు ఎవరో అనామకుడు కాదు ఫ్రెండ్స్, బాలన్ డోర్ గెలిచిన డెనిస్ లా.

ఇప్పుడు హల్‌కి ఛాన్స్. ఈ కిక్ పడితే మాంచెస్టర్ యునైటెడ్ మెడ మీద కత్తే. కానీ వాళ్ళ బెస్ట్ గోల్ స్కోరర్లలో ఒకడైన కెన్ వాగ్‌స్టాఫ్ మిస్ చేశాడు. ఇంకా 3-3. యునైటెడ్ చివరి కిక్ విల్లీ మోర్గన్, గోల్. 4-3.

హల్ చివరి కిక్ ఎవరు కొట్టాలి? ముందుకొచ్చింది ఎవరో తెలుసా? గోల్‌కీపర్ మెకెక్నీయే! రెండు నిమిషాల ముందు లా కిక్ ఆపి హీరో అయిన మనిషి. పరిగెత్తుకొచ్చి కొట్టాడు. బంతి పైనున్న బార్‌కి తగిలి బయటికి పోయింది. అయిపోయింది. ఇంగ్లండ్‌లో షూటౌట్ కిక్ ఆపిన మొదటి గోల్‌కీపర్ ఆయనే, కిక్ కొట్టిన మొదటి గోల్‌కీపర్ ఆయనే, మిస్ చేసిన మొదటి గోల్‌కీపర్ కూడా ఆయనే. హీరో అవ్వడం, తల పట్టుకోవడం, రెండూ ఒకే మనిషికి, ఒకే చోట, కొన్ని నిమిషాల తేడాలో.

నాకైతే ఇక్కడే అసలు విషయం కనిపిస్తుంది. షూటౌట్ లాటరీ అంటారు చాలామంది. కానీ ఆ రోజు హల్ ఎలా ఓడిందో చూడండి. నాణెం ఎగరేసి ఉంటే మెకెక్నీ ఏమీ చేయగలిగేవాడు కాదు. లా ని ఆపే అవకాశమూ ఉండేది కాదు, బార్‌కి కొట్టే బాధా ఉండేది కాదు. నాణెం చేతిలో ఓడితే తిట్టుకోవడానికి విధి తప్ప ఇంకేం ఉండదు. ఇక్కడ ఓడినా, తన కాలితో తను ఆడి ఓడాడు. అది క్రూరమే, కాదనను. ఒక్క మనిషి మీద టీము మొత్తం భారం పడుతుంది. కానీ ఆట ఫలితం మళ్ళీ ఆటగాడి చేతికి వచ్చింది. ఈ తేడా చిన్నది కాదు.

ఆ మ్యాచ్ గెలిచి ఫైనల్‌కి వెళ్ళిన మాంచెస్టర్ యునైటెడ్‌కి ఏమైందంటారా? ఆగస్టు 8 న డెర్బీ సొంత గ్రౌండ్ బేస్‌బాల్ గ్రౌండ్‌లో 4-1 తో చిత్తుగా ఓడింది. క్లఫ్ టీము ఆ కప్పు తీసుకుని, రెండేళ్ళలో, 1972 లో, ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్ కూడా అయింది.

కొత్త పద్ధతి ఎంత త్వరగా పైకెక్కిందో చూడండి. మూడు నెలలు తిరక్కుండానే, 1970 నవంబర్ 4 న, సాక్షాత్తు యూరోపియన్ కప్‌లో ఎవర్టన్, జర్మనీ క్లబ్ బొరుసియా మోన్షన్‌గ్లాడ్‌బాక్ మీద షూటౌట్‌లో 4-3 తో గెలిచింది.

వాట్నీ కప్ రెండో ఏడాది, 1971. మాంచెస్టర్ యునైటెడ్ మళ్ళీ వచ్చింది. ఈసారి మొదటి మ్యాచ్ థర్డ్ డివిజన్ క్లబ్ హాలిఫాక్స్ టౌన్ గ్రౌండ్‌లో. హాలిఫాక్స్ 2, మాంచెస్టర్ యునైటెడ్ 1! మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ఆ ఏడాది కప్పు ఎవరికి వెళ్ళిందంటే, ఫోర్త్ డివిజన్ క్లబ్ కోల్‌చెస్టర్ యునైటెడ్‌కి. అంటే అన్నిటికంటే కింది మెట్టు. ఫైనల్‌లో ఫస్ట్ డివిజన్ టీము వెస్ట్ బ్రోమ్‌విచ్ ఆల్బియన్‌తో, వాళ్ళ గ్రౌండ్‌లోనే, 4-4 డ్రా. ఒక ఫైనల్‌లో ఎనిమిది గోల్స్! షూటౌట్‌లో కోల్‌చెస్టర్ 4-3.

1972 లో థర్డ్ డివిజన్ క్లబ్ బ్రిస్టల్ రోవర్స్, ఫస్ట్ డివిజన్ టీము షెఫీల్డ్ యునైటెడ్ మీద గెలిచింది. ఈ ఫైనల్ మాత్రం 0-0. గోల్స్ కోసం పెట్టిన టోర్నమెంట్ ఫైనల్‌లో ఒక్క గోల్ కూడా లేదు చూడండి! షూటౌట్ 7-6. చివరగా 1973 లో స్టోక్ సిటీ 2-0 తో గెలిచింది. ఓడింది ఎవరు? మన హల్ సిటీయే. మొదటి షూటౌట్‌లో ఓడింది వాళ్ళే, చివరి ఫైనల్‌లో ఓడింది వాళ్ళే. నాలుగు ఫైనల్స్‌లో రెండు షూటౌట్‌తో తేలాయి, ఆ రెండూ చిన్న డివిజన్ టీములే గెలిచాయి.

1974 లో వాట్నీ కప్ లేదు. ఈ మధ్యలో కంపెనీ పరిస్థితి కూడా మారిపోయింది. 1972 లో గ్రాండ్ మెట్రోపాలిటన్ అనే పెద్ద సంస్థ వాట్నీ మాన్‌ని కొనేసింది. ఫ్యాక్టరీలో గ్యాస్ నింపి పంపే ఇలాంటి బీర్లు మాకొద్దు, మా పాత బీరు మాకు కావాలి అంటూ 1971 లోనే జనం ఒక సంఘం పెట్టుకున్నారు. రెడ్ బ్యారెల్ అంటేనే జోకులేసుకునే రోజులొచ్చాయి. స్పాన్సర్ పేరు మీద పుట్టిన కప్పుకి ఇదే చిక్కు. దానికి సొంత ఊరు లేదు, సొంత పాత చరిత్ర లేదు. పేరు ఇచ్చినవాడు పక్కకి తప్పుకుంటే కప్పు కూడా పోతుంది.

కానీ 1974 ఆగస్టు 10 న ఏం జరిగిందో వినండి. సీజన్ ముందు ఆడే ఛారిటీ షీల్డ్ మ్యాచ్‌ని మొదటిసారి వెంబ్లీ స్టేడియంలో పెట్టారు. లీడ్స్, లివర్‌పూల్. స్కోరు 1-1. షూటౌట్! లీడ్స్ తరఫున కిక్ కొట్టడానికి గోల్‌కీపర్ డేవిడ్ హార్వీ వచ్చాడు. బంతి బార్‌కి కొట్టాడు! లివర్‌పూల్ 6-5 తో గెలిచింది. అచ్చం మెకెక్నీ కథే. ఆ రోజు లీడ్స్ మేనేజర్ ఎవరో తెలుసా? బ్రయన్ క్లఫ్. మొదటి వాట్నీ కప్ ఎత్తిన అదే మనిషి. కప్పు పోయింది, కానీ అది అలవాటు చేసిన దృశ్యం నాలుగేళ్ళలో వెంబ్లీకి చేరిపోయింది.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1982 లో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ సెమీఫైనల్‌లో ప్రపంచకప్ మొదటి షూటౌట్. 2022 లో మెస్సీ చేతికి ప్రపంచకప్ వచ్చింది కూడా షూటౌట్‌తోనే.

ఇప్పుడు ప్రీసీజన్ ఎలా ఉందో కూడా ఒక్క మాట చెప్పుకుందాం. 2014 ఆగస్టు 2 న అమెరికాలో మిషిగన్ స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్ ఆడితే 1,09,318 మంది వచ్చారు. ఇంటర్నేషనల్ ఛాంపియన్స్ కప్ అని ఒక టోర్నమెంట్ 2013 లో మొదలైంది, ఇప్పుడు అదీ లేదు. దాంట్లోకి పిలుపు ఎవరికి? పేరున్న క్లబ్బులకి. ఎక్కడ జెర్సీలు అమ్ముడుపోతాయో, ఎక్కడ టికెట్లు తెగుతాయో అక్కడికి ఆట వెళ్తుంది. తప్పని నేను అనను. మన దేశానికి పెద్ద టీము వస్తే నేనూ టికెట్ కొంటాను. కానీ బీరు అమ్ముకోవడానికి పెట్టిన కప్పు కూడా "నువ్వెంత పెద్దోడివి" అని అడగలేదు, "నువ్వెన్ని గోల్స్ కొట్టావ్" అని అడిగింది. అందుకే హాలిఫాక్స్ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకోవడానికి ఒక సాయంత్రం మిగిలింది.

వాట్నీ కప్ ఫైనల్స్ నాలుగు గ్రౌండ్లలో జరిగాయి. వాటిలో వెస్ట్ బ్రోమ్ వాళ్ళ హాథార్న్స్ ఒక్కటే ఇప్పుడు మిగిలి ఉంది. డెర్బీ బేస్‌బాల్ గ్రౌండ్, స్టోక్ విక్టోరియా గ్రౌండ్ కూల్చేశారు. బ్రిస్టల్ ఈస్ట్‌విల్ ఉన్న చోట ఇప్పుడు ఐకియా షాపు ఉంది. మొదటి షూటౌట్ జరిగిన బూత్‌ఫెరీ పార్క్ స్థలంలో ఇళ్ళు కట్టేశారు. ఒకప్పుడు డెనిస్ లా మిస్ చేసిన చోట ఈ రోజు ఎవరి వంటగది ఉందో, ఎవరు టీ పెట్టుకుంటున్నారో!

సరే ఫ్రెండ్స్, ఇప్పుడు మీరు చెప్పండి. టై అయిన మ్యాచ్‌కి షూటౌట్ న్యాయమేనా, లేక మళ్ళీ ఆడించడమే కరెక్టా? బార్‌కి కొట్టిన మెకెక్నీ ప్లేస్‌లో మీరుంటే, నాణేనికి వదిలేసేవాళ్ళా, బంతి దగ్గరికి నడిచేవాళ్ళా? కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. మళ్ళీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.